బిల్లింగ్ మిషన్ మీద బావగారి చెయ్యి

కుషరీ అన్నం అమ్మే మా కొట్టుకు బిల్లింగ్ మిషన్ కొన్నది లెక్కల కోసం కాదు. మా బావగారు హాజ్ బయ్యూమిని గల్లా దగ్గరి కుర్చీలోంచి లేపడం కోసం. తన తమ్ముడు, అంటే మా ఆయన, పోయిన నాటి నుంచీ బావగారు ఆ కుర్చీకి అతుక్కుపోయారు. టాంటా ఊళ్లో ఆయనకు స్నేహితుడు కానివాడు లేడు. స్నేహితుల దగ్గర డబ్బు పుచ్చుకోవడం ఆయనకు మహా సిగ్గు. సిగ్గు ఆయనది, పప్పూ అన్నమూ వేయించిన ఉల్లిపాయలూ నావి.

మిషన్ వస్తే బిల్లు లేకుండా గిన్నె కదలదు. ఆ మాట చెబితే బావగారు నవ్వారు.

"తెచ్చుకో అమ్మాయ్. అది మూలపడ్డ రోజున మళ్లీ నేనే కూర్చుంటా. ఈసారి లేవను."

అందుకే, హాజ్జా అని మర్యాదగా పిలుస్తూ మిషన్ అమ్మడానికి కైరో నుంచి వచ్చిన వగీహ్‌ను తేలిగ్గా వదల్లేదు.

"వారంటీ సంగతి మీరు మర్చిపోండి హాజ్జా. ఏడాది పాటు అన్నిటికీ ఉంది."

"అన్నిటికీ అంటే?"

"అన్నిటికీ అంటే అన్నిటికీ."

"ప్రింటరుకు?"

"దానికి మాత్రం మూడు నెలలు."

"గల్లాపెట్టెకు?"

"ఇనప డబ్బాకు వారంటీ ఎందుకు హాజ్జా?"

"తెర పగిలితే?"

"పగలగొట్టకండి."

అన్నిటికీ అన్న మాట అలా తరుగుతూ తరుగుతూ తెర వెనకున్న ఒక్క పెట్టె దగ్గర ఆగింది.

"సరే, అది పాడైతే నేను నెత్తిన పెట్టుకుని కైరో రావాలా?"

"అయ్యో, మేమే వస్తాం."

"బాగయ్యేదాకా నేనేం చెయ్యాలి?"

"ఓపిక పట్టాలి."

"మా బావగారిని చూశాక ఆ మాట అను. బాగయ్యేదాకా ఇంకో మిషన్ పెడతానని రాసివ్వు. నువ్వు చూడ్డానికి వచ్చిన రోజునే."

కొత్త మిషన్ ఎక్కడ పాడవుతుందిలే అనుకున్నాడో ఏమో, నవ్వుతూ వారంటీ కాగితం అడుగున తన చేత్తో రాసి, కంపెనీ ముద్ర కొట్టాడు.

మిషన్ బిగించిన రోజున బావగారు గొర్రెను కోయించారు. దిష్టి తగలకుండా నెత్తుటిలో చెయ్యి ముంచి తలుపు మీద వేస్తారనుకున్నాను. తిన్నగా లోపలికొచ్చి, కొనేవాళ్లకు కనబడే వైపు మిషన్ వీపు మీద చప్పున చరిచారు. ఐదు వేళ్లూ అచ్చు గుద్దినట్టు పడ్డాయి. తుడవబోతే అరిచారు.

"తుడిచావంటే దిష్టి రెట్టింపవుతుంది!"

వారం దాటిందో లేదో, ఒక గురువారం సాయంత్రం కొట్టు కిటకిటలాడుతుండగా తెర నల్లబడింది. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి బావగారు కుర్చీలో ఉన్నారు. వీధిలో పోయే మంగలిని కూడా పిలుస్తున్నారు.

"రావయ్యా రా, మన కొట్టే!"

మర్నాడు వగీహ్ వచ్చాడు. మిషన్ వీపు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇదేమిటి హాజ్జా?"

"మా బావగారి చెయ్యి."

"నెత్తురా?"

"గొర్రెదేలే, భయపడకు."

"తడి లోపలికి పోతే వారంటీ చెల్లదు. నీళ్లు, టీ, పళ్లరసం..."

"నెత్తురని ఉందా?"

"కంపెనీవాళ్లు అంత దూరం ఆలోచించలేదు."

కుర్చీలోంచి బావగారు కేకేశారు. "మిషన్లతో పనేంటి నాయనా? కూర్చో, ఓ గిన్నె తిను. డబ్బులేం వద్దు!"

ఆ మాట వినగానే నా ఒళ్లు మండింది. గోటితో మిషన్ అంచు గీకి, పైనున్న ప్లాస్టిక్ పొరను సర్రున లాగాను. బావగారి చెయ్యి ఐదు వేళ్లతో సహా ఊడి నా చేతిలోకి వచ్చింది. కింద మిషన్ తళతళలాడింది. మరక లేదు, చుక్క లేదు.

వగీహ్ ఆ పొర వైపు వేలు చూపించాడు. "పొర తియ్యలేదా? అందుకే వేడెక్కి చచ్చుంటుంది. ఇది మీ తప్పే."

"బిగించింది నువ్వే కదా, నువ్వెందుకు తియ్యలేదు? ఏదీ, నీ ఫోను చూపించు."

చూపించలేదు. కానీ అది చొక్కా జేబులోంచి సగం బయటికే ఉంది. కొన్నప్పటి పొర దాని మీద ఇంకా అలాగే, బుడగలు బుడగలుగా లేచి ఉంది. ఫోనును నెమ్మదిగా లోపలికి తోసి, మిషన్ స్క్రూలు విప్పడం మొదలెట్టాడు.

"కరెంటు వచ్చే ముక్క కాలింది. తయారీలోనే లోపం. వారంటీ కిందికే వస్తుంది," అని ఒప్పుకున్నాడు. "కాకపోతే మూడు వారాలు పడుతుంది."

బావగారు కాళ్లు చాపుకున్నారు.

నేను కాగితం తెచ్చి, అతను రాసిన మాట కింద వేలు పెట్టి పైకి చదవడం మొదలెట్టాను. నేను చదివేది మెల్లగా. వరసలో నిలబడ్డవాళ్లు ఒక్కో మాటా నాతో పాటు అనసాగారు. సగంలోనే వగీహ్ చేతులెత్తేశాడు.

"చాలు హాజ్జా, తెస్తున్నా!"

వ్యానులోంచి తెచ్చింది పాతది. ఒళ్లంతా గీతలు. కానీ బిల్లు కొట్టింది.

"చూశావా నా చేతి మహిమ?" అన్నారు బావగారు. "లోపలికి చుక్క పోలేదు."

"చూశాను బావగారూ." ఆ పొరను గల్లా పైన గోడకు అంటించాను. "ఇక్కడ మీ చెయ్యి ఉంటే చాలు. మిగతా మీరు అవతల బల్ల దగ్గర కూర్చోండి."

గొణుక్కుంటూ వెళ్లి కూర్చున్నారు. పెద్ద గిన్నె తెప్పించుకున్నారు. నేను బిల్లు కొట్టి ముందు పెట్టాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మిషన్ వైపు గడ్డం ఎగరేశారు.

"ఈ పాతదానికి వారంటీ ఎన్నాళ్లన్నాడు?"