చవితి చంద్రుడు

సుధామయి పులిహోర డబ్బాలో సర్దుతుంటే, రంగనాథ్ వెనకనుంచి చెయ్యి చాపి ఓ ముద్ద నోట్లో వేసుకుని, "ఇంగువ చాల్లేదు" అన్నాడు. అని, కారు తాళాలు తిప్పుకుంటూ వెళ్లిపోయాడు. డబ్బాలు, ఫ్లాస్కు, ఆయన స్వెట్టరు, పరుచుకోడానికి దుప్పటి, అన్నీ ఆవిడే మోసింది. కెనడాలో ఆ బర్నబీ ఊరి తెలుగువాళ్లంతా ఆ సాయంత్రం జపాను తోటలో పున్నమి చంద్రుణ్ణి చూసే పండక్కి కలుస్తున్నారు.

కొలను చుట్టూ కాగితం లాంతర్లు పెట్టారు. పండగ జరిపించే జపాను ఆవిడ తలా ఓ చీటీ ఇచ్చి, చంద్రుడి మీద మూడంటే మూడే వరుసలు, హైకూ అంటారట, రాయమంది. ఏ భాషైనా సరే, మైకులో చదివి అర్థం ఇంగ్లీషులో చెబితే చాలంది.

"నువ్వు రాయి సుధా. మాకులాగా మనవల గోలా పాడా? పిల్లల్లేనివాళ్లదే హాయి!" అంది సూర్యకుమారి, పులిహోర పెట్టుకుంటూ.

"ఊరుకోవే" అని కసిరాడు ఆవిడ మొగుడు రవిశంకర్. రంగనాథ్ మాత్రం నవ్వి ఊరుకున్నాడు.

సుధామయికి ఆ నవ్వు కొత్తేం కాదు. పెళ్లయిన నాలుగో ఏడు కర్నూల్లో డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్షలు చేసి, లోపం ఆయనలోనే ఉందని చెప్పింది. ఆసుపత్రి మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. "అమ్మకి తెలిస్తే బతకదు సుధా. కొన్నాళ్లు నీ మీద వేసుకో" అన్నాడు. కట్టుకున్నవాడి కన్నీళ్లు కదా, వేసుకుంది. అత్తగారు సీమంతాలకి గడప దాటనివ్వలేదు. "గొడ్డుమోతుది దొరికింది నా కొడుక్కి" అని పేరంటాళ్ల ముందే అనేది. వాళ్లేమో, మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉన్నాడంటే దేవుడమ్మా నీ మొగుడు, అనేవాళ్లు. ఆ దేవుడు పక్కనే కూచుని కాఫీ తాగేవాడు. అత్తగారు పోయారు. ఇప్పుడైనా నోరు విప్పుతాడనుకుంది. కెనడా వచ్చారు. ఇక్కడ డేకేర్‌లో ఊళ్లోవాళ్ల పిల్లల ముక్కులు తుడుస్తూ, జోల పాడుతూ ఏళ్లు వెళ్లదీసింది. పార్టీల్లో ఎవరైనా అడిగితే ఆయన నిట్టూర్చి, "మా ఆవిడకి ఆ యోగం లేదండీ" అనేవాడు. పాపం, మరిచిపోయాడేమో, అబద్ధం అలవాటై నిజమైపోయిందేమో అని తనే సర్దిచెప్పుకునేది.

చీటీ మోకాలి మీద పెట్టుకుని రాసింది. వంతు రాగానే వెళ్లి, మెల్లగా చదివింది.

"చవితి చంద్రుణ్ణి
ఏనాడూ చూడలేదు
నింద మాత్రం నాదే."

"పున్నమినాడు చవితేమిటే తల్లీ!" అని సూర్యకుమారి పకపకా నవ్వింది. జపాను ఆవిడ అర్థమేమిటని అడిగింది. సుధామయి నోరు తెరిచేలోగా రంగనాథ్ ఒక్క అంగలో వచ్చి మైకు అందుకున్నాడు. చంద్రుడు ఎక్కడైనా చంద్రుడే, కెనడాలో మరీ అందంగా ఉన్నాడు, అని ఇంగ్లీషులో చెప్పాడు. తోటంతా చప్పట్లు.

చప్పట్లు ఆగినా ఆయన చేతిలోని మైకు తిరిగి ఇవ్వలేదు. సుధామయి ఆ చేతినే చూస్తూ నిలబడిపోయింది. మరిచిపోయినవాడు అలా పరిగెత్తుకొచ్చి అర్థం మార్చడు. ప్రతి పేరంటంలోనూ, ప్రతి నిట్టూర్పులోనూ ఈ మనిషికి అంతా గుర్తే. గుర్తుండే కాఫీ తాగాడు. ఇన్నేళ్లూ ఆవిణ్ణి నిలబెట్టిన ఆ ఒక్క సర్దుబాటూ పుటుక్కున తెగిపోయింది.

చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వండి. అర్థం నేను చెబుతాను."

"వద్దు సుధా" అన్నాడు గొంతు తగ్గించి. "అందరూ ఉన్నారు."

"నన్ను అన్నప్పుడూ అందరూ ఉన్నారండీ" అంది ఆవిడ, మైకు తీసుకుంటూ.