పై అర ఎవరిది?

మా ఇంట్లో పుస్తకాల బీరువా ఒక్కటే. అరలు మూడు, పనికొచ్చేవి రెండు. కింది అర వెనకే స్నానాలగది గొట్టం కారుతుంటుంది కాబట్టి అక్కడ పెట్టిన ఎంతటి జ్ఞానానికైనా వారంలో బూజు పడుతుంది. పై రెండిట్లో మా మామగారి తత్వశాస్త్రం, మా ఆయన భౌతికశాస్త్రం కొలువున్నాయి. మామగారు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు, మా ఆయన ఇంకా చెబుతున్నారు.

నా పుస్తకాలు ఫ్రిజ్ మీద. ఇరవై రోజుల్లో లైబ్రరీ సైన్సు పరీక్ష. పాసైతే ఒక స్కూలు లైబ్రరీలో ఉద్యోగం ఇస్తామన్నారు. పాల కోసం ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా నా భవిష్యత్తు నా నెత్తినే పడుతోంది.

"నాకూ ఒక అర కావాలి," అన్నాను.

"అయితే ఒకరు కిందికి దిగాలి," అన్నారు మా ఆయన, ఆ ఒకరు తాను కానట్టు.

మామగారు కళ్లజోడు సవరించుకున్నారు. "ఒరేయ్, కాలమంటే ఏమిటో మేం ఆలోచించందే నువ్వు గడియారం కూడా చూడలేవు. నీ సైన్సుకి పునాది మేమేరా!"

"పునాది కిందే కదా నాన్నా ఉండేది?"

మామగారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"పునాదంటే... అబ్బే, నీ సైన్సు ఆగిన చోట మేం మొదలవుతాం. అందుకని పైన."

"మొదలై రెండు వేల ఏళ్లు దాటింది. ఎందాకా వచ్చారు?"

"కొలతకి అందనిది లేదంటావే, ఆ లేకపోవడాన్ని ఏ తక్కెడలో తూచావురా?"

"అమ్మాయ్, నువ్వు చెప్పు," అని ఒకరు. "ఏమోయ్, నువ్వే చెప్పు," అని ఒకరు.

నేను ప్లంబరుకి ఫోను చేశాను.

మర్నాడు బీరువా ఖాళీ చేయించి, రెండు శాస్త్రాలనూ పెట్టెల్లో కుక్కి మంచం కిందికి తోశాను. ప్లంబరు గోడ పగలగొట్టాడు.

"ఈ చెమ్మకి మూలకారణం ఏమంటావు?" మామగారు అడిగారు.

"నట్టు సార్."

నాలుగు రోజుల్లో గోడ ఆరింది. "ఇంకేం, కింది అర నువ్వు తీసుకో," అన్నారు ఇద్దరూ, మొదటిసారి ఒక్క మాట మీద.

"అలాగే. కానీ వరస తేలకుండా పుస్తకం అరలోకి ఎక్కకూడదని మా పాఠంలో ఉంది. ఎవరి మీద ఎవరో తేల్చి చెప్పండి, సర్దేస్తాను."

"ఎంతసేపు!" అన్నారు.

ఈలోగా ఖాళీగా ఎందుకని మూడు అరల్లోనూ నా పుస్తకాలు పెట్టుకున్నాను. పరీక్ష పాసయ్యాను. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు.

నిన్న ఇంటికొచ్చేసరికి మంచం కింద పెట్టెల మధ్య నుంచి రెండు జతల కాళ్లు కనిపించాయి.

"తేలిందా మామయ్యగారూ?"

"దగ్గరకొచ్చాం అమ్మాయ్," అని కింద నుంచి వినిపించింది. "కాస్త ఆ టార్చిలైటు ఇలా అందించు."