ఆర్వో బరువు

మా ఊరి అగ్నిమాపక కేంద్రంలో శిక్షణ రోజున మొదటి పని మంచు ఎత్తిపోయడం, రెండోది కాఫీ కాచడం, మూడోది బొమ్మను మోయడం. మనిషంత ఉండే ఆ గుడ్డ బొమ్మను శిక్షణ బురుజు పై అంతస్తు నుంచి కిందికి తెచ్చి, పెరట్లో గీసిన తెల్ల గీత దాటించాలి. ఎత్తినవాళ్ళకి అది తాము పోగొట్టుకున్న మనిషి బరువు తూగుతుంది. అందరికీ తెలిసిన సంగతే. నడుం పట్టేసినవాడు చచ్చిపోయిన మేనత్తని తిట్టుకుంటాడు తప్ప బొమ్మనేమీ అనడు. శిక్షణ ఇచ్చే కెప్టెన్ లాంపీ మాత్రం దాన్ని ముట్టుకోదు. ఆవిడకి అది మూడు నెలల పసిపాప బరువు.

ఐలీ కోర్పెలాకి అది ఆమె తమ్ముడు ఆర్వో బరువు. ఆర్వో భారీ మనిషి, కూర్చుంటే కుర్చీ మూలిగేది. రెండేళ్ళ కిందట, శనివారం ఆవిరి స్నానానికి పెరట్లో సౌనా రగిలిస్తుంటే పొయ్యి పక్క గోడ అంటుకుని, ఆ చెక్క గదంతా పొగ కమ్మేసింది. ఐలీ వాడి చంకల కింద చేతులేసి గడప దాకా ఈడ్చింది. అక్కడ వాడి భుజాలు ద్వారబంధానికి అడ్డం పడ్డాయి. ఎంత లాగినా రాలేదు. ఆ తర్వాతే ఈ శిక్షణలో చేరింది. ఇప్పటికి రెండుసార్లు పరీక్ష తప్పింది. రెండుసార్లూ బొమ్మ మెట్లన్నీ దిగి, తెల్ల గీత దగ్గరే మొరాయించింది. ఈసారీ తప్పితే ఇక ఇంటికే.

ఆమె జట్టులోనే బ్రెంట్ మాకి అని ఒక కుర్రాడు. వాడికి అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, తొంభై దాటిన నాయనమ్మ కూడా గుండ్రాయిలా ఉంది. బొమ్మ వాడికి దూదిపింజ. చంకన పెట్టుకుని ఈల వేస్తూ దిగి వచ్చేవాడు.

"నడుంతో కాదు ఐలీ, కాళ్ళతో లేపాలి," అని పైగా సలహా ఒకటి.

"మీ నాయనమ్మ ఎలా ఉంది?" అనేది ఐలీ, పళ్ళు బిగబట్టి.

"కాఫీలో పంచదార తక్కువైందని పొద్దున్నే యుద్ధం!"

ఆమెకి కడుపు రగిలిపోయేది. వాడు పరీక్షలో నెగ్గుతాడని కాదు, మోయడానికి వాడికంటూ ఎవరూ లేరని ఏడుపు. మధ్యాహ్నం వాళ్ళమ్మ కాల్చి పంపిన మాంసం కూరిన పాస్టీ రొట్టె వాడు సగం విరిచి పెడితే తీసుకునేది, తింటూ కూడా కుళ్ళుకునేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, వీడికీ ఆ బరువేమిటో తెలిసొస్తే బాగుండునని కోరుకుంది కూడా.

చివరి పరీక్ష శనివారం పెట్టారు. ముందు బ్రెంట్‌ని పిలిచారు. బురుజులోంచి వాడి ఈల వినిపించి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఎవర్రా దీన్లో రాళ్ళు పోసింది?"

కిందున్నవాళ్ళంతా పకపకా నవ్వారు. ఐలీకి ప్రాణం లేచొచ్చింది. బ్రెంట్ బొమ్మను ఒక్కో మెట్టూ ఈడ్చుకుంటూ మలుపులో కనిపించాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఇంకా బరువెక్కుతోంది కెప్టెన్!"

ఆ మాటకి ఐలీ నవ్వు ఆగిపోయింది. పోయినవాళ్ళ బరువు ఒక్కసారే వచ్చి పడుతుంది. ఇన్నాళ్ళుగా మోస్తున్న మనిషికి తెలియదా? పెరుగుతోందంటే ఆ మనిషి ఇంకా పోలేదు, పోతున్నాడు.

"బ్రెంట్! ఇవాళ మీ ఇంట్లో సౌనా ఎవరు రగిలిస్తున్నారు?"

"నాన్న. అయితే ఏం..."

వాడి చేతుల్లోంచి బొమ్మ జారిపోయింది.

మాకీల ఇల్లు వెనక వీధిలోనే. అగ్నిమాపక బండి వెళ్ళి ఆగేసరికి సౌనా చూరు కిందనుంచి నల్లగా పొగ వస్తోంది. ఐలీ, బ్రెంట్ మాస్కులు తగిలించుకుని లోపలికి దూరారు. పెద్దాయన, బ్రెంట్ తండ్రి, పొయ్యి పక్కన పడి ఉన్నాడు. బ్రెంట్ చంకలు పట్టుకుని గడప దాకా ఈడ్చాడు. అక్కడ ఆయన భుజాలు ద్వారబంధానికి అడ్డం పడ్డాయి.

"రావట్లేదు! ఐలీ, రావట్లేదు!"

"లాగకు! పక్కకి తిప్పు. ముందు ఒక భుజం, తర్వాత రెండోది."

రెండేళ్ళుగా ఆ మాట ఆమె తనకి తాను చెప్పుకోని రోజు లేదు. పెద్దాయన గడప దాటాడు. మంచులో వెల్లకిలా పడి, దగ్గి, కళ్ళు తెరిచి, పొయ్యిని అమ్మనా బూతులు తిట్టాడు.

మరుసటి శనివారం మళ్ళీ పరీక్ష జరిగింది. పెద్దాయన దుప్పటి కప్పుకుని పెరట్లో బల్ల మీద కూర్చున్నాడు. బ్రెంట్ బొమ్మను చంకన పెట్టుకుని ఈల వేస్తూ దిగొచ్చాడు.

"గడ్డి మోపు మోయడానికి ఇంత చదువా!" అన్నాడు తండ్రి. అందరూ నవ్వారు.

ఐలీకి ఎన్నడూ లేనంత అసూయ పుట్టింది. తను మాట చెప్పి గడప దాటించిన మనిషి ఎదురుగా కూర్చుని హాస్యాలాడుతున్నాడు. ఆ ఒక్క మాట తనకి ఆర్వో పోయిన రోజే ఎందుకు తట్టలేదు?

"నీ మీద నాకింకా ఏడుపే," అంది బ్రెంట్‌తో.

"తెలుసు," అన్నాడు వాడు. ఈసారి సలహా ఏమీ ఇవ్వలేదు.

ఆమె వంతు వచ్చింది. కాస్తయినా తేలికై ఉంటుందని ఆశపడి ఎత్తింది. ఆవగింజంత కూడా తగ్గలేదు. నిండుగా ఆర్వోనే. మెట్లన్నీ దిగింది. తెల్ల గీత దగ్గర ద్వారమేమీ లేదు, అయినా పక్కకి తిప్పింది. ముందు ఒక భుజం, తర్వాత రెండోది.

"అయిపోయింది ఐలీ, నెగ్గావు," అంది కెప్టెన్. "దింపమ్మా."

ఐలీ దింపలేదు. బల్ల దాటింది, బండి దాటింది.

"గీత ఎప్పుడో దాటేశావు, ఇక దింపు!"

"ఇంకొంచెం దూరం, కెప్టెన్."

కెప్టెన్ గబగబా ముందుకి వెళ్ళి ఆమె కోసం గేటు తెరిచి పట్టుకుంది.