మార్చి నెలలో ఓదెమ్మ

క్యాలెండర్ల కట్ట విప్పగానే నేను మార్చి నెల తీసి చూశాను. అందులో ఓదెమ్మ లేదు.

పేజీని వెలుతురుకు తిప్పి మళ్ళీ చూశాను. మా దుకాణం మెట్లు ఉన్నాయి. మెట్ల మీద మిర్చి బస్తాలు ఉన్నాయి. పక్కనే నల్ల గొడుగు కింద గోనెసంచి పరుచుకుని, తోటకూర కట్టల మీద నీళ్ళు చల్లుతూ ఉండాల్సిన మనిషి మాత్రం లేదు. ఆమె చోట నున్నటి సిమెంటు నేల ఉంది. అంత శుభ్రమైన నేల మహబూబాబాద్ మార్కెట్ రోడ్డులో ఎక్కడా లేదు.

కింద కిరాణా హోల్‌సేల్ దుకాణం, పైన మా ఇల్లు. ఇంట్లో మా బావ జనార్దన్, ఆయన భార్య రాజమణి అక్క, ఆయన తమ్ముడైన నా భర్త సుమన్, నేను. పొద్దున వంట అయ్యాక బాల్కనీలో నిలబడితే రోడ్డంతా కనిపిస్తుంది. మా తమ్ముడు ఇచ్చిన కెమెరాతో ఏడాది పాటు, నెలకొకటి చొప్పున, అదే మూలలో నిలబడి ఫొటోలు తీశాను. ఊరు పొరలు పొరలుగా ఉంటుందని నాకు అక్కడే తెలిసింది. అన్నిటికంటే కింద నేల మీద కూర్చునేవాళ్ళు, వాళ్ళ ఆకుకూరలు, నిమ్మకాయలు, గాజులు. వాళ్ళను రాసుకుంటూ ఆటోలు, తోపుడు బండ్లు. ఆపైన దుకాణాల బోర్డులు. బోర్డుల మీద చిక్కులు పడిన కరెంటు తీగలు. తీగల వెనక డాబాల మీద ఆరేసిన చీరలు. అన్నిటి వెనకా రైలు కట్ట, దాని మీద విజయవాడ వైపు పోయే గూడ్సు. ఇందులో ఏ ఒక్కటి తీసేసినా అది మా ఊరు కాదు.

ఊళ్ళోని వర్తక సంఘం ఏటా క్యాలెండర్ వేసి దుకాణాలకొచ్చే గిరాకీలకు పంచుతుంది. బావ ఆ సంఘానికి అధ్యక్షుడు. ఈసారి దేవుడి బొమ్మకు బదులు ఊరి ఫొటోలు వేద్దామని ఆయనే నన్ను అడిగారు. పన్నెండూ ఇచ్చాను. ఇచ్చిన రోజే కిందికి దిగి ఓదెమ్మకు చెప్పాను.

"నేనా? క్యాలెండర్లనా?" అని ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఏ నెలల ఉన్న బిడ్డా?"

"మార్చిల, అవ్వా."

"ఓయమ్మో! మార్చిల మిర్చి ఘాటుకు నా ముక్కు ఎర్రగైతది గద. గప్పుడే దొరికిన్నా నీకు ఫొటో దించుటానికి?"

అప్పటి నుంచి నెల్లికుదురు బస్సు దిగిన తన ఊరివాళ్ళందరికీ ఆమె అదే మాట చెప్పుకుంది.

ఇప్పుడు మిగతా పేజీలు కూడా తిప్పాను. జులైలో గాజుల బండి లేదు. అక్టోబరులో బంతిపూలు అమ్మే ఆడవాళ్ళు లేరు. తీగలు లేవు, చీరలు లేవు. ఆకాశం పన్నెండు నెలలూ ఒకే నీలం రంగులో ఉంది. కుడివైపు మూలన ఒకే తెల్లమబ్బు, ముసురు పట్టిన ఆగస్టులో కూడా. ప్రతి పేజీ పైనా సంఘం పెద్దల ముఖాలు గుండ్రటి చట్రాల్లో నవ్వుతున్నాయి.

క్యాలెండర్ తయారుచేసిన ఫ్లెక్సీల ధర్మేందర్‌కు ఫోన్ చేశాను.

"నా ఫొటోలను ఏం చేసినవ్ ధర్మేందర్?"

"నీట్ చేసిన అక్కా. మస్తు వచ్చినయ్ గద!"

"అండ్ల మనుషులు ఏరి?"

"జనార్దన్ సేటు తీసెయ్యమన్నడు అక్కా. కింద చెత్తంత కనవడొద్దన్నడు. పెండ్లికొడుకు మొటిమలంటే అల్కగ పోతయ్ గని, గీ గోనెసంచులు తీసేసరికి నా కండ్లు పోయినయ్ అనుకో."

అతను నా నుంచి మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నాడు. నేను ఫోన్ పెట్టేశాను. చెత్త అన్న మాట చెవిలో ఉండిపోయింది.

మధ్యాహ్నం బావకు, సుమన్‌కు అన్నం వడ్డిస్తూ అడిగాను. మా ఇంట్లో బావ తింటుండగా ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు.

"ఓదెమ్మను ఎందుకు తీసేయించిన్రు బావా?"

ఆయన తలెత్తకుండానే, "గోడకు పెట్టుకునే క్యాలెండర్‌ల కూరగాయలోళ్ళు ఎందుకమ్మా? సూసెటానికి సక్కగుండాలె," అన్నారు.

"ఆమె ఇంట్ల గూడ గోడ ఉన్నది బావా."

సుమన్ పప్పులో ఏదో వెతుకుతున్నవాడిలా తల వంచుకున్నాడు. రాజమణి అక్క నవ్వింది. "ఏందే సౌజన్యా, నీ మొఖమేమన్న తీసేసిన్రా? గింత గరమైతున్నవు!"

"సోమవారం మునిసిపాలిటోళ్ళు సర్వేకొస్తరు," అన్నారు బావ, చారు పోయమని కంచం జరుపుతూ. "రోడ్డు మీద ఎన్నేండ్ల సంది కూసుంటున్నరో సూసి అమ్ముకునెటోళ్ళకు కార్డులిస్తరట. ఒక్కసారి కార్డొచ్చిందంటే మళ్ళ లేపలేం. మన మెట్ల ముంగట ఎవ్వరు ఉండరని సూపెట్టనీకె గీ క్యాలెండర్ మంచిగ పనికొస్తది."

గరిటె నా చేతిలో ఆగిపోయింది. అందం కోసం తీసేయించారనుకున్నాను, అదే నాకు కోపం. ఇప్పుడు తెలిసింది, ఓదెమ్మను లేపడానికి నా ఫొటోనే సాక్ష్యంగా తీసుకెళ్తున్నారు. చారు గిన్నె బల్ల మీద పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ రోజు బావ చారు తనే పోసుకున్నారు.

దుకాణంలో క్యాలెండర్లు పంచడం మొదలైంది. వచ్చినవాళ్ళందరికీ చేతిలో పెట్టి పంపడం మావాళ్ళకు అలవాటు. ఎవరిని తుడిచేశారో వాళ్ళకే ఇస్తున్నామన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. రెండో రోజు మెట్ల కింద నుంచి కేక వినిపించింది.

"సౌజన్యమ్మా! జర కిందికి రా!"

దిగాను. ఓదెమ్మ ఒళ్ళో క్యాలెండర్ తెరిచి ఉంది.

"గిది మార్చేనా? నా మనుమరాలు గిదే అంటున్నది."

"గదే, అవ్వా."

"మరి నేనేది?"

ఆమె నా ముఖంలోకి చూసింది.

"నువ్వు నన్ను దించనే లేదా, దించి తీసేసినవా?"

"నేను తియ్యలేదవ్వా. నా దగ్గర అసలు ఫొటో ఉన్నది."

"నువ్వు తియ్యకుంటే నీ ఇంటోళ్ళు తీసిన్రు. నాకు రెండొక్కటే." ఆమె గొంతు పెద్దదైంది. దుకాణంలో గిరాకీలు తిరిగి చూశారు. "నా కొడుకును గీ మెట్ల మీదనే పండవెట్టి కూరలమ్మిన. మీ మామ బతికున్నప్పుడు వానొస్తే 'లోపలికి రా ఓదెమ్మా' అనేటోడు. గిప్పుడు బొమ్మల గూడ ఉండొద్దా నేను?"

ఆమె వేలు ఆ సిమెంటు నేల మీద గట్టిగా రుద్దుతోంది, రుద్దితే తను బయటికి వస్తుందన్నట్టు. ఆ వేలి పక్కనే నాకు కనిపించింది. రెండో మెట్టు మీద గుండ్రటి నీడ. ధర్మేందర్ గొడుగును తీశాడు, మనిషిని తీశాడు. మెట్ల మీదికి పాకిన గొడుగు నీడను మరిచిపోయాడు.

సోమవారం సర్వే మేడం ఫోన్ పట్టుకుని మా వైపు వచ్చేసరికి బావ ఆమెకు కుర్చీ వేయించి, క్యాలెండర్ మార్చికి తెరిచి పెట్టారు.

"సూడున్రి మేడం. మార్చిల తీసింది. ఎవ్వరన్న ఉన్నరా? గీళ్ళంత మొన్న మొన్న వచ్చి కూసున్నోళ్ళు."

ఓదెమ్మ లేచి నిలబడింది. "అబద్ధం సేటూ! నా కండ్ల ముంగట ఎట్లంటవు గట్ల?"

బాల్కనీలో నిలబడి వింటున్న నేను కెమెరా తీసుకుని మెట్లు దిగాను. దుకాణం నిండా మగవాళ్ళున్నప్పుడు ఎవరూ పిలవకుండా నేను కిందికి దిగడం అదే మొదటిసారి. అసలు ఫొటో తెర మీదికి తెచ్చి మేడం చేతిలో పెట్టాను.

"మేడం, ఆ ఫొటో నేను తీసిందే. తీసినప్పుడు గిట్ల ఉండె."

"ఏయ్, పైకి పో," అన్నారు బావ. అంతలోనే మేడం చూస్తోందని గొంతు మార్చుకున్నారు. "చిన్నపిల్ల మేడం, ఏమీ తెల్వది. గీ కాలంల ఫొటోల మనిషిని పెట్టుడెంత సేపు? మొన్న పెట్టిచ్చి ఉంటది."

ఆయన చేసిన పని నేను చేశానని అందరి ముందూ అంటున్నారు. నా చెవులు వేడెక్కాయి.

"మీ క్యాలెండర్‌ల రెండో మెట్టు మీద గుండ్రగ నీడ ఉన్నది బావా. గొడుగు లేకుంటే గా నీడ దేనిదో మేడంకు మీరే చెప్పున్రి."

మేడం క్యాలెండర్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. తర్వాత నా కెమెరా చూసింది. తర్వాత మా మెట్లు చూసింది. ఓదెమ్మ గొడుగు నీడ అక్కడే ఉంది, జనవరి ఎండకు కాస్త పక్కకు జరిగింది, అంతే. గిరాకీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"కూర్చో అవ్వా, కార్డుకు ఫొటో తీస్తా," అంది మేడం.

ఓదెమ్మ గోనెసంచి మీద కూర్చుని కొంగు సర్దుకుంది. "మొఖం మంచిగ కనవడేటట్టు దించు బిడ్డా. గీ ఇంటోళ్ళకు జల్ది గుర్తువట్టరాదు."

ఆ సాయంత్రం బావ బాల్కనీ తలుపుకు తాళం వేసి, తాళంచెవి తీసుకెళ్ళి గల్లాపెట్టెలో వేశారు. ఇంటి పరువు బజార్లో పెట్టానని రాజమణి అక్క నాకు వినపడేలా గోడతో చెప్పింది. నేను సుమన్ వైపు చూశాను.

"నువ్వన్నది నిజమే," అన్నాడు. "గని గట్ల అందరి ముంగట..."

"అందరి ముంగటనే గద ఆమెను లేపుతున్నరు," అన్నాను.

అతను తాళం తీయించలేదు.

మర్నాడు వంట ముగించి, కెమెరా తీసుకుని మెట్లు దిగాను. ఓదెమ్మ తోటకూర కట్టలు పక్కకు జరిపి గోనెసంచి మీద చోటిచ్చింది. అక్కడ కూర్చుని పైకి చూస్తే ఊరు తిరగబడినట్టు కనిపించింది. ముందు గొడుగు అంచు, దాని మీద మా దుకాణం బోర్డు, బోర్డు కింద గల్లా దగ్గర బావ, తీగలు, ఆ పైన తాళం వేసిన మా బాల్కనీ తలుపు, పక్క కిటికీలో సుమన్.

"మీ ఇల్లు గూడ వస్తదా అండ్ల?" అడిగింది ఓదెమ్మ.

"వస్తది."

"మీ బావ?"

"ఆయన గూడ. ఎవ్వర్ని తీసెయ్య."

"ఉండనియ్యి," అంది ఆమె, ఆకుకూరల మీద నీళ్ళు విదిలిస్తూ. "ఎవ్వలేందో అందరు సూడాలె."

నా కోపం ఇంకా దిగలేదు. మోచేతులు మోకాళ్ళకు ఆనించి, కెమెరా కదలకుండా పట్టుకుని నొక్కాను.