నలభై ఒకటో పేజీ వెనక

"రిపోర్ట్ మీద చింతపండు, మినప్పప్పు అని రాస్తారా ఎవరైనా?" శనివారం పొద్దున్నే మా ఆయన హర్షవర్ధన్ గొడవకు దిగాడు.

"వెనక ఖాళీగా ఉంది, రాశాను."

"అది క్లయింట్‌కి వెళ్లే డ్రాఫ్ట్, త్రివేణీ!"

"మరి పొయ్యి పక్కన ఎందుకు పెట్టారు?"

మా అత్తయ్య శేషమ్మ గారు కాఫీ కప్పు చాటున నవ్వుకున్నారు.

సరుకులు కొన్నాక స్టోర్ పార్కింగ్‌లో ఆ కాగితం తిరగేశాను. యుద్ధం నుంచి తేరుకుంటున్న ఒక దేశంలో ఉత్తర జిల్లాలకు హర్ష కంపెనీ తయారుచేస్తున్న ఆర్థికాభివృద్ధి ప్రణాళికలో నలభై ఒకటో పేజీ అది. జిల్లాకో పెద్ద మార్కెట్, కొత్త రోడ్డు, కోల్డ్ స్టోరేజీ. పల్లెల నుంచి ముప్పై మైళ్లు. మూడో వంతు ఇళ్లను ఇప్పుడు ఆడవాళ్లే నడుపుతున్నారని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

అమెరికాలో ఈ ప్లేనో ఊరికి వచ్చిన కొత్తలో మా ఇంటి ముందు ఆరు లేన్ల రోడ్డు ఉండేది. నాకు డ్రైవింగ్ రాదు. కరివేపాకు కావాలన్నా శనివారం దాకా ఆగాలి. "నాకు కాల్ ఉంది, పక్కింటి రేణుని రైడ్ అడుగు" అనేవాడు హర్ష. అడిగేదాన్ని. అడిగే ముందు గొంతులోకి నవ్వు తెచ్చుకునేదాన్ని. మూడేళ్లు ఆ రోడ్డును కిటికీలోంచి చూసిన మనిషికి ఆ పేజీలో ఏం లేదో తెలియడానికి ఎంతసేపు పడుతుంది? మార్జిన్‌లో పెన్సిల్‌తో ఇంగ్లీషులో రాశాను: 'ఆమెను ఎవరు తీసుకెళ్తారు? నడిచి వెళ్లే దూరంలో వారానికో సంత పెట్టండి. సరుకు కొనే లారీ అక్కడికే రావాలి.'

ఇంటికొచ్చి చూపిస్తే, "నీ ఎం.ఏ. ఎకనామిక్స్ ఇంకా గుర్తుందే!" అని నవ్వి, "పప్పులో ఉప్పు తక్కువైంది" అన్నాడు.

ఆ పేజీలో తను చేసిన దిద్దుబాట్లను, నా పెన్సిల్ రాత చెరపకుండానే, స్కాన్ చేసి క్లయింట్‌కి పంపాడట. మెషీన్ రెండు వైపులా లాగేసింది. మంగళవారం మీటింగ్‌లో, ఆ దేశపు అధికారిణి మరియం అడిగిందట: "ఈ పెన్సిల్ రాత ఎవరిది? ఏడాదిగా మేం మొత్తుకుంటున్నది ఇదే. వెనకవైపు ఆ గుండ్రటి లిపిలో ఉన్నదేమిటి, అది కూడా సలహానేనా?"

హర్ష నిజమే చెప్పాడు. ఆ మాత్రం మంచివాడే.

రెండు వారాలకు నాకు కాంట్రాక్ట్ వచ్చింది. ఆరు నెలలు, జీతంతో. సంతలు ఎక్కడ పెట్టాలో అక్కడి ఆడవాళ్లతో వీడియోలో మాట్లాడి తేల్చాలి. రెండేళ్లుగా డ్రాయర్‌లో పడి ఉన్న వర్క్ పర్మిట్ కార్డును బయటికి తీసి, చీర కొంగుతో తుడిచాను.

ఆ సాయంత్రం గుత్తివంకాయ కూర చేశాను.

"పొద్దున ఆరు నుంచి ఎనిమిదా?" అన్నాడు హర్ష, అన్నం కలుపుతూ. "అది లంచ్ బాక్సుల టైమ్ కదా. కుదరదని నేను చెప్పెయ్యనా?"

ఎంత ప్రేమగా అడిగాడో!

"సంతకం చేసి పంపేశానండీ. సోమవారం నుంచి ఆరింటికల్లా నా గది తలుపు వేసి ఉంటుంది."

అత్తయ్య సగం లేచారు. "నేను కడతాలే అమ్మాయ్."

"మీరు కూర్చోండి అత్తయ్యా. నలభై ఏళ్లు కట్టారు."

ఆవిడ కూర్చుని, ఇంకో వంకాయ వడ్డించుకున్నారు. "ఒరే హర్షా, నా కాఫీలో చక్కెర సగం చెంచానే."

"డాడీ, నా బాక్స్ ఏ కలరో తెలుసా?" అంది నైనిక.

హర్ష నావైపు చూశాడు.

"కంగారుపడకండి," అన్నాను. "ఎవరికి ఏం కట్టాలో అంతా రాసి పొయ్యి పక్కన పెట్టాను. కొత్త డ్రాఫ్ట్‌లో నలభై ఒకటో పేజీ వెనక."