తిమ్మన్న పేరు మీద కారు

"నా పేరు మీద కారా? మతి ఉండే మాట్లాడతాండావా పాపా?"

తిమ్మన్న అరిచిన అరుపుకు సచివాలయంలో ఉన్నోళ్ళంతా తలలు తిప్పి చూసినారు. కంప్యూటరు ముందర కూర్చున్న శివాని మాత్రం ఏం చేస్తుంది పాపం. రెండు నెలలుగా బియ్యం ఎందుకు రాలేదో చూడమంటే చూసింది. నాలుగు చక్రాల బండి ఉన్నోళ్ళకు బియ్యం కార్డు ఉండదు, తిమ్మన్నకు తెల్ల కారు ఉండాదని వచ్చింది. వచ్చింది చదివింది.

"బయట నిలబడిందే, ఆ మోపెడ్డే నా బండి. వారానికి నూరు రూపాయల పెట్రోలు పోస్తే కోసిగికి పోతాది, చేనికి పోతాది, గడ్డిమోపు తెస్తాది, మా హంపమ్మను ఆస్పత్రికి తీసుకపోతాది. పంచరైతే యాభై. సీటు చినిగితే యూరియా సంచి కప్పి కుట్టుకున్యాం. కారుకు ఆ నూరు పోస్తే ఎంత దూరం పోతాది? మల్ల ఇన్సూరెన్సంట, సర్వీసంట, టైర్లంట. నన్నమ్మినా ఆ టైర్లు రావు గదమ్మా!"

"నా మీద అరిస్తే ఎట్ల మామా? నంబరు నువ్వే చూడు," అని శివాని తెర అతని వైపు తిప్పింది.

తిమ్మన్నకు అక్షరాలు అంతంతమాత్రమే గానీ అంకెలు బాగా వచ్చు. ఏడు, సున్నా, ఎనిమిది, రెండు. ఆ నంబరు తనకు బాగా తెలిసిందే. ఆ బండికి పూజ చేసిన రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది తనే. అది మేస్త్రీ ఓబుళేశు కారు!

ఏటా ఊళ్ళోవాళ్ళను మిరపకాయలు కోసేదానికి గుంటూరు పక్కకు తోలుకపోయేది ఆ ఓబుళేశే. పోయినేడు బయలుదేరే ముందు అందరి ఆధార్ జిరాక్సులు తీసుకున్నాడు. "పనికాడ కాలో చెయ్యో పోతే దుడ్లొస్తాయప్పా, ఇన్సూరెన్సు. ఈడ సంతకం పెట్టు," అని తిమ్మన్నను పక్కకు పిలిచినాడు. పెట్టినాడు. ఫోనుకు వచ్చిన నంబరు చదివి చెప్పమంటే అదీ చెప్పినాడు. నా తెలివికింత మన్ను పడ, అనుకుంటా తిమ్మన్న మోపెడ్ తీసినాడు.

ఇంటికి పోయి పెండ్లాం హంపమ్మను వెనక ఎక్కించుకొని నేరుగా మేస్త్రీ మిద్దె ముందర ఆపినాడు. వాళ్ళంతా మంత్రాలయంలో పెళ్ళికి బయలుదేరతాండారు. ఆడోళ్ళు పట్టుచీరలు కట్టి వాకిట్లో నిలబడినారు. ఓబుళేశు కొత్త పంచెలో మెరిసిపోతాండాడు.

విషయం అడిగితే వానికి సిగ్గన్నా లేదు. నవ్వినాడు.

"నా పేరున పెట్టుకుంటే నా కార్డు పోతాది గదప్పా. కాగితం మీద నీ పేరుంటే నీకేం బరువు?"

విన్నారా ఆ మాట! రెండంతస్తుల మిద్దెలో ఉండేటోనికి బియ్యం కార్డు నిలవాలంట, దానికోసం రేకుల కొట్టంలో ఉండేటోనిది పోవాలంట.

"రెండు నెల్లుగా అంగట్లో కొని తింటాండాం మేస్త్రీ," అనింది హంపమ్మ. "పోయిన వారం రెండు రాత్రిళ్ళు తినకుండా పండుకున్యాం. మీ ఇంట్లో ఎవురన్నా పండుకున్యారా అట్ల?"

"నెలకో మూట నేనే పంపిస్తాలే. గొడవ చేస్తే ఈ ఏడు నిన్ను పనికి ఎవరు పిలుస్తారో చూసుకో తిమ్మన్నా."

తిమ్మన్నకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వేసే బియ్యం ఎవనికి కావాల? నాది నాకు కావాల!" అన్నాడు. కారు తలుపులు తెరిచే ఉన్నాయి, తాళం దానికే వేలాడతాంది. తాళం లాగి జేబులో వేసుకొని, హంపమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి, తను పక్కన ఎక్కినాడు.

"దిగు! నా కారు దిగు!"

"నీదా? గట్టిగా అనప్పా, ఊరంతా వినాల. ఆ మాటే సచివాలయంలో శివాని ముందర చెప్పి, రాసిచ్చి రా. అప్పుడు దిగుతా."

అప్పటికే జనం గుమిగూడినారు. వాళ్ళలో సగం మంది మిరపకాయలకు పోయొచ్చినోళ్ళే. "నా జిరాక్సూ తీసుకుంటివి గదా మేస్త్రీ," అన్నాడు రంగన్న. "నా పేరు మీద ఏముండాది?" ఆ ప్రశ్న ఇంకొకరు అడిగినారు, ఇంకొకరు. ఓబుళేశు ముఖంలో నవ్వు పోయింది. ముహూర్తానికి వేళవుతాందని వాకిట్లో నుంచి భార్య కేక వేసింది.

సచివాలయం ఊరికి ఆ చివర. తిమ్మన్న తన మోపెడ్ తాళం తీసి వాని ముందరికి విసిరినాడు.

"తీసుకపో. నిజంగా నాదనేది ఈ బండి ఒక్కటే."

ఓబుళేశు కొత్త పంచె ఎగగట్టి యూరియా సంచి మీద కూర్చున్నాడు. రెండుసార్లు తన్నినాడు, బండి కదల్లేదు.

తిమ్మన్న కారులోంచే తల బయట పెట్టినాడు.

"చోక్ లాగి తన్ను మేస్త్రీ. పెట్రోలు తక్కువుండాది. నడమ నిలిచిపోతే దిగి తోసుకుంటా పో, మేమట్లనే పోతాం."