బయటి మాంసం

మా అక్క కూతురు లాన్‌లాన్ ఆసియా మొత్తంలోకీ వేగంగా ఈదిన పిల్ల. మా షావోషింగ్ ఊరి బస్టాండు గోడ మీద నవ్వుతూ దాని ఫొటో ఉంటుంది. ఇంటికొచ్చినప్పుడు మాత్రం ఆ నవ్వు ఎక్కడ పారేసుకుంటుందో, సోఫాలో కూలబడి కుడి భుజానికి కాపడం పెట్టుకుంటుంది.

ఈతగాళ్లు బయటి మాంసం ముట్టకూడదు. పందులకు కొవ్వు పట్టకుండా కొందరు ఏదో మందు పెడతారు. అది డోపింగ్ పరీక్షలో తేలితే ఇన్నేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. అందుకే టీమ్ భోజనశాలలో తప్ప ఎక్కడా తినరు. తిన్నారని తెలిస్తే ఆ ఏడు పోటీలకు పంపరు. లాన్‌లాన్ చిన్నప్పుడే టీమ్‌లో చేరింది, ఇప్పుడు ముప్ఫైకి దగ్గరపడింది. ఇన్నేళ్లూ అక్క ఇంట్లో కొత్త సంవత్సరానికి కూడా చేపలూ టోఫూయే. నాకు ఒళ్లు మండేది. పండగపూట పంది మాంసం లేని విందేమిటి? కింది అంతస్తులో మా ఇంట్లో నేను మాత్రం వండుకునేదాన్ని.

ఈసారి పండగకు కోచ్ జువాంగ్ రెండు చేతులా పళ్ల బుట్టలతో వచ్చాడు. మంచివాడే, కానీ ఊరికే రాడు.

"జాతీయ క్రీడలొస్తున్నాయి. రిలేలో ఆఖరి వంతు ఈదడానికి మన రాష్ట్రానికి నువ్వు తప్ప ఎవరున్నారమ్మా?" అంటూ బియ్యపు సారా గిన్నె ఎత్తాడు. "ఇదొక్కటే. జియాయో!"

జియాయో అంటే నూనె పొయ్యమని. ఎవర్ని ఉసిగొల్పాలన్నా మా చైనావాళ్లు అదే అరుస్తారు. ఎక్కడ పోస్తారో, ఎంతని పోస్తారో!

"పోయినసారీ ఇదొక్కటే అన్నారుగా కోచ్ గారూ," అన్నాను. నా నోరు ఊరుకోదు.

"నన్ను ఎంతైనా తిట్టు చెల్లెమ్మా, పిల్లని మాత్రం ఆపకు," అని నవ్వాడు.

"వెళ్తుందిలెండి. ఎప్పుడు కాదంది గనక?" అంది అక్క, చేప ముళ్లు తీస్తూ.

నిజమే, అది ఎప్పుడూ కాదనలేదు. నాకు దాన్ని చూస్తే జాలేసింది.

"పిన్నీ, మీ ఇంట్లో మాంసం ఉందా?" అంది లాన్‌లాన్ ఉన్నట్టుండి.

"ఎండు ఆవాకు వేసి ఉడికించింది ఉంది. ఎవరికే?"

అది కిందికెళ్లి గిన్నె తెచ్చింది. తన ముందే పెట్టుకుని తినే పుల్లలతో ఓ ముక్క ఎత్తింది.

అక్క చెయ్యి ఎప్పుడు లేచిందో, ముక్క నేల మీద పడింది. "పిచ్చి పట్టిందా! రేపు పరీక్షవాళ్లు తలుపు కొడితే?"

"కొట్టనీ అమ్మా." అది గొంతు పెంచలేదు. "సార్ మొహం చూస్తే కాదనడానికి నోరు రాదు. ఇది తింటే ఇక ఎవరూ అడగరు. నీళ్లు చూస్తేనే ఏడుపొస్తోందమ్మా. నావల్ల కాదు."

కోచ్ సారా గిన్నె దించాడు. తర్వాత మాంసం గిన్నె దాని వైపు జరిపాడు.

"కొవ్వున్న ముక్క తీసుకో. రుచంతా అందులోనే," అన్నాడు.

లాన్‌లాన్ తింది. మెల్లగా, ముసలమ్మలా నమిలి మింగింది.

"బాగుందా?" అంది అక్క.

"బాగుంది. రేపు నువ్వు వండమ్మా, నీ చేత్తో."

నేల మీది ముక్క తీయబోతున్న అక్క వంగినది వంగినట్టే ఉండిపోయింది.

"నాకిప్పుడు రాదే తల్లీ," అంది. "వండటం మరిచిపోయాను."